పన్నెండేళ్ల పిల్లకి బాల్యం కోచింగ్

ఇంటికో బాలనటి ఉండి తీరాలని సర్కారు చట్టం చెయ్యాలి. నవ్వకండి, అనుభవంతో చెబుతున్నాను!

మా చెల్లెలు పెయ్‌హువా కూతురు చియావ్‌యీకి పన్నెండేళ్లు. నాలుగో ఏట నుంచి సీరియళ్లలో హీరోయిన్ చిన్నప్పటి వేషం తనదే. మా హెంగ్‌డియన్ చైనాలో సీరియళ్లు తీసే ఊరు, తెల్లారి బయటికొస్తే కూరగాయల బండ్లకంటే వేషాలేసుకున్న రాజకుమారులే ఎక్కువ ఎదురవుతారు. అలాంటి ఊళ్లో కూడా మా పిల్లకున్న గిరాకీ ఇంకెవరికీ లేదు.

మామూలు పిల్లని గిన్నె కడగమంటే ఏం చేస్తుంది? విననట్టు ఊరుకుంటుంది. మా పిల్ల అలా కాదు. దభాలున మోకాళ్లమీద పడి, నేలకి నుదురు ఆనించి, "మహారాణీ! ఈ దాసి తప్పు కాయండి!" అంటుంది. గిన్నె నేనే కడుక్కుంటాను. అయితేనేం, నన్ను మహారాణీ అనేవాళ్లు ఈ జన్మకి ఇంకెవరున్నారు?

బజారుకి పంపితే, "చేపల సూప్ మా అమ్మ ఆఖరి కోరికండీ" అని కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. చేపలామె ఒకటి ఎక్కువ వేస్తుంది. వారం తిరక్కుండా పెయ్‌హువా అదే కొట్టుకి వెళ్తే, చేపలామెకి గుండె ఆగినంత పనైంది!

సెట్లో చనిపోయే వేషం వేసినవాళ్లకి దోషం పోవాలని మా దగ్గర డబ్బులు పెట్టిన ఎర్ర కవరు చేతిలో పెడతారు. మా పిల్ల ఇప్పటికి ముప్పై ఒక్కసార్లు చచ్చింది. నూతిలో పడి, విషం తాగి, మంచులో గడ్డకట్టి. మొన్న జ్వరమొచ్చి మాత్ర వేసుకోమంటే, "ముందు కవరు ఇవ్వు పెద్దమ్మా" అంది.

చావని కథల్లోనేమో రెండో ఎపిసోడ్‌లో 'పదేళ్ల తర్వాత' అని అక్షరాలు పడతాయి. పొడుగాటి హీరోయిన్ వచ్చి నిలబడుతుంది. మూడో ఎపిసోడ్ ఎలా ఉంటుందో మా పిల్ల ఎరగదు.

ఈ వసంతంలో అదృష్టం తలుపు తట్టింది. ఈ కాలపు కథ, మొదటి నుంచి చివరిదాకా పన్నెండేళ్ల పిల్లే హీరోయిన్! ఇది దక్కకపోతే వచ్చే ఏటికి చిన్నపిల్ల వేషానికి పొడుగైపోతుంది, హీరోయిన్ వేషానికి పొట్టిగా మిగిలిపోతుంది.

ఆడిషన్‌లో దర్శకుడు ఖోంగ్ గారు చేతికో తాడిచ్చి, "తాడాట ఆడమ్మా" అన్నారు.

"ఎవరి చావు తలుచుకుంటూ ఆడాలండీ?" అంది మా పిల్ల.

"ఎవరూ చావలేదమ్మా. ఊరికే ఆడు."

"ఊరికేనా? ఎందుకూ?"

ఆయన తల పట్టుకున్నారు. "నటన అద్భుతం. చిన్నపిల్లలా ఉండటమే రావడం లేదు. నెల గడువిస్తున్నా, నేర్పించి తీసుకురండి."

పెయ్‌హువా ఊరుకుంటుందా? మర్నాడే కోచింగ్‌లో చేర్పించింది. అవును, అలాంటిదీ ఉంది! పేరు 'ముప్పై రోజుల్లో సహజ బాల్యం'. సోమవారం మట్టిలో ఆట. మంగళవారం కారణం లేకుండా నవ్వడం. బుధవారం తోటి పిల్లలతో పోట్లాట. రోజూ గంటసేపు పెరట్లో ఆడి, వీడియో పంపాలి. వీడియో లేకపోతే సర్టిఫికెట్ లేదు, సర్టిఫికెట్ లేకపోతే వేషం లేదు.

వీడియో తీసే ఉద్యోగం నాది.

నిన్న సాయంత్రం మా పిల్ల తాడు పట్టుకుని, గోడవైపు చూస్తూ విషాదంగా గెంతుతోంది. టోఫూ కొట్టువాళ్ల పిల్లలు గోడమీంచి తొంగిచూశారు. "ఏయ్, ఏంటే ఆ గెంతడం! తాడుని పూజిస్తున్నావా, ఆడుతున్నావా?"

మా పిల్లకి ఒళ్లు మండింది. తాడు అక్కడే పారేసి, గేటు తోసుకుని వాళ్ల వెంట పడింది. గంటైంది, రెండు గంటలైంది. రాలేదు. వీధి చివరనుంచి అరుపులు. అందరికంటే పెద్ద గొంతు మా పిల్లదే. "తొండి! తొండి! నేను ఔట్ కాలేదు!"

కెమెరా పట్టుకుని గేటుదాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను, అది కంటపడితే మళ్లీ నటన మొదలెడుతుంది. అంతలో పెయ్‌హువా ఫోన్. "అక్కా, వీడియో ఏదే? పిల్లేం చేస్తోంది?"

"కెమెరా పాడైందే. పిల్ల బుద్ధిగా లోపల డైలాగులు బట్టీ పడుతోంది."

"ఒట్టు?"

"ఒట్టు."

ఎనిమిదేళ్లుగా ఆ పిల్లచేత నటింపజేస్తున్నాం. ఒక్క సాయంత్రం నేను నటిస్తే ఏం పోయిందండీ?