తీగ వెనక ఉప్పు డబ్బా

ఇంగ్లిషు సాహిత్యం చెప్పే, ఊరంతా స్కేలు మాస్టారని పిలిచే ఆయన పెళ్లాం చెల్లెలింటికి వెళ్లిపోయి పదిహేను రోజులైంది. కారణం చెబితే ఎవరూ నమ్మరు. ఒక తీగ.

ఆవిడ నాటిన తీగ ఇష్టం వచ్చినట్టు పాకి వంటింటి కిటికీలోకి తొంగిచూసింది. మాస్టారేమో నియో-క్లాసికల్ కవుల పార్టీ మనిషి. బుద్ధి ముందు, మనసు వెనక. దేనికైనా కొలతా క్రమమూ ఉండాలని ఇరవై రెండేళ్లుగా పాఠం చెబుతున్నాడు. దారం కట్టి, స్కేలు పెట్టి, కిటికీ అంచుకు సమంగా కత్తిరించాడు.

"మొగ్గేసిందండీ అది!"

"మొగ్గయినా గీత దాటకూడదు."

"అయితే నేను దాటుతున్నా," అని ఆవిడ సంచీ తీసుకుని గడప దాటింది.

ఇల్లు మహా క్రమంగా తయారైంది. పెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉంది. జరిపే చెయ్యి లేదు. మూడో రోజుకి ఆ క్రమం చూస్తేనే ఆయనకు దడ పుట్టింది.

ఉత్తరం రాశాడు. ఆవిడ ఎందుకు తిరిగి రావాలో వరసగా తొమ్మిది కారణాలు. జవాబొచ్చింది: "కారణాలన్నీ సబబుగానే ఉన్నాయి. వాటిలో నేనే ఎక్కడా లేను."

మాస్టారు పార్టీ మార్చాడు. రొమాంటిక్ కవులకు నియమాలతో పనేముంది? ఊహ, ఉద్వేగం, ప్రకృతి, ఏకాంతం చాలు. పాత నోట్సు దులిపి రాశాడు: "ఓ నా తుపానూ! నువ్వు లేని ఈ శిథిలంలో నా ఆత్మ గాలికి ఊగే ఏకాకి వృక్షం!"

ఈసారి ఫోనే మోగింది.

"ఏమండీ, మూడో పాఠం, పధ్నాలుగో పేజీ. మీ నోట్సు సాఫు రాసిపెట్టింది నేనే కదా? అక్కడ 'ఓ నా పర్వతమా' అని ఉంటుంది. నాకోసం తుపాను చేశారు, అంతేగా?"

మాస్టారు నోట్సు మూసి పక్కన పెట్టాడు.

"సర్లెండి. తిన్నారా?"

"తిన్నా. చప్పగా. ఉప్పు డబ్బా కనబడలేదు. ఎక్కడుందని నిన్ను పిలిచా. గట్టిగానే పిలిచా. తర్వాత గుర్తొచ్చింది."



"ఇది ఏ పేజీలోదండీ?"

"ఏ పేజీలోనూ లేదు."

ఫోను పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చిన ఆవిడ వంటింట్లో నిలబడి నోరెళ్లబెట్టింది. తీగ కిటికీ దాటి గరిటెల దాకా పాకింది. ఇంట్లో కబుర్లు చెప్పుకోవడానికి ఇంకెవరున్నారని మాస్టారు దాని జోలికి పోలేదు.

"కిటికీ తలుపు పడట్లేదు, వెలుతురు లేదు. కత్తెరేదీ?"

"ముట్టుకోకు! స్వేచ్ఛగా బతికే ప్రాణి అది!"

"వాన కొడితే తడిసేది వంటిల్లు. దారం పట్టుకోండి."

స్కేలు తేబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నాడు. ఆవిడ కంటితోనే కొలిచి, మొగ్గలున్న కొమ్మ వదిలి, మిగతాది కోసింది. ఆకుల వెనక నుంచి ఉప్పు డబ్బా బయటపడింది.

"దీనికోసమేనా అంత గట్టిగా పిలిచారు?"

"కాదు," అన్నాడు మాస్టారు, దారం వదలకుండా.