మెకానిక్ గారింటి ఉక్క

ఆ రోజు ఏసీ మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్ తినడం, ఆసుపత్రికి వెళ్లడం, డాక్టరమ్మ గదిని చల్లబరచడం. అది కుదిరితే ఆసుపత్రిలోని ఏసీల పనంతా ఏడాది పొడవునా అతనిదే. ఇప్పటికే ఇద్దరు మెకానిక్‌లు ఆ గది దగ్గర చేతులెత్తేశారు. వాళ్లకు చేతకానిది తనకు చిటికెలో పని అని అతను వీధంతా చాటింపు వేసుకున్నాడు.

అతని భార్య యాభై దాటినా పరుగు మానలేదు. బడిలో మొదలుపెట్టిన అలవాటు. పెళ్లయిన మర్నాడు కూడా తెల్లారకముందే పరుగు తీసింది. కొత్త కోడలు పారిపోతోందనుకుని మామగారు వెంటపడి, వీధి మలుపులోనే కూలబడ్డారు. ఈ కథ చెప్పడమంటే మెకానిక్‌కు మహా గర్వం.

ఆవిడ పరుగు ముగించి, స్నానం చేసి, తీరిగ్గా జుట్టు దువ్వుకుంటూ ఉండగా ముఖం ఒక్కసారిగా ఎర్రబడింది. చెమటలు కారిపోయాయి.

"ఏవండీ, ఈ ఏసీ ఉందా, చచ్చిందా? కొలిమిలో కూర్చున్నట్టుంది!"

దుప్పటి కప్పుకున్న మెకానిక్‌కు తల కొట్టేసినట్టయింది. "చలికి నా పళ్లు టకటకలాడుతుంటే నీకు కొలిమా?"

"మరి నా చెమట అబద్ధమా?"

అతను వెంటనే ఏసీని ముక్కలు ముక్కలుగా విప్పి నేలమీద పరిచాడు. గుమ్మంలోంచి పక్కింటి పిన్ని తొంగిచూసింది.

"ఏం నాయనా, మీ ఇంటి ఏసీకే దిక్కులేదా?"

అతను మరలు బిగించేలోపు ఫోన్ మోగనే మోగింది. ఏసీ బాగుచేయమని పిలిచిన వెనకవీధి వాళ్లు. "మీదే ఆడట్లేదంటగా? మేం ఇంకెవర్నైనా చూసుకుంటాంలెండి."

మిషన్‌లో ఏ లోపమూ లేదు. అంటే లోపం పరుగులోనే ఉండాలి! బండిని ఆపకుండా తిప్పితే ఇంజను వేడెక్కదూ? ఇన్నేళ్ల వేడీ లోపల పేరుకుపోయి ఉంటుందని తేల్చుకుని, భార్య బూట్లను గుట్టుగా పనిముట్ల సంచిలో కుక్కేశాడు.

"నా బూట్లు చూశారా?"

"నాకేం తెలుసు?"

"సర్లెండి, నేనూ వస్తా పదండి. ఇవాళ మీ వాలకం చూస్తే నిచ్చెన పట్టుకోడానికి మనిషి కావాల్సిందే."

డాక్టరమ్మ గదిలో స్క్రూడ్రైవర్ కోసం సంచిలో చెయ్యి పెడితే బూటు వచ్చింది. మళ్లీ పెడితే రెండోదీ వచ్చింది.

"వీటితో బాగుచేస్తారా?" అంది డాక్టరమ్మ.

"దొంగ ఇంట్లోనే ఉన్నాడన్నమాట!" అంది భార్య.

అతను నిజం కక్కక తప్పలేదు. అంతలో ఆవిడ ముఖం మళ్లీ ఎర్రబడింది. డాక్టరమ్మ పరీక్షగా చూసి, నెలసరి సంగతి అడిగింది.

"ఏడాదిగా వచ్చీ రానట్టు ఉందమ్మా."

"నెలసరి ఆగిపోయే ముందు వచ్చే వేడి ఇది. మిషన్‌లోనూ లోపం లేదు, మీలోనూ లేదు."

"నా భార్య పరుగు వల్ల తొందరగా వచ్చేసిందా అమ్మా?" అన్నాడు మెకానిక్.

"పరుగెత్తినా, పడుకున్నా ఇంచుమించు దాని టైంకి అదే వస్తుందయ్యా. ఆవిడ గుండెకీ ఎముకలకీ ఆ పరుగే కాపలా. ముందు బూట్లు ఇచ్చెయ్యి!" అని డాక్టరమ్మ నుదురు తుడుచుకుంది. "ఇప్పుడు నా ఏసీ సంగతి చూడు. ఉడికిపోతున్నాను."

మెకానిక్ ఏసీ ముందు చెయ్యి పెట్టాడు. వేళ్లు కొయ్యబారాయి. గుమ్మంలో నర్సు స్వెట్టర్‌లో ముడుచుకుని నిలబడి ఉంది. అతను నోరు తెరిచాడు. ఏడాది పని గుర్తొచ్చి మళ్లీ మూసేశాడు.

అతని భార్య మాత్రం ఊరుకోలేదు. "ఏమీ అనుకోకండి డాక్టరమ్మా, మీ వయసెంత?"

నర్సు గోడవైపు తిరిగి నవ్వు ఆపుకుంది. డాక్టరమ్మ ఏసీని చూసింది, తడిసిన చేతిరుమాలును చూసుకుంది.

"అయ్యో! రోజూ అందరికీ నేను చెప్పే మాటే కదా ఇది!"

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి..." అని గొణిగింది భార్య.

"నీకు దణ్ణం పెడతాను, ఆపవే!" అన్నాడు మెకానిక్ ఏడుపు గొంతుతో.

"కుడితిలో పడిందట!" డాక్టరమ్మే సామెత పూర్తిచేసి పకపకా నవ్వింది. "ఏడాది పని నీదేనయ్యా, వెళ్లు. ఇదిగో అమ్మా, రేపు పరుగుకి వెళ్తూ నన్ను కూడా పిలువు."

ఇప్పుడు రోజూ ఇద్దరూ పరుగెడుతున్నారు. డాక్టరమ్మ ఆగిన చోటల్లా మెకానిక్ భార్య ఆమె చెయ్యి పట్టి ముందుకు నడిపిస్తుంది. మంచినీళ్ల సీసాలతో మెకానిక్ వెనకాల స్కూటర్ మీద వస్తాడు. ముగ్గురిలో ఆయాసం అతనికే ఎక్కువ.