కురుల కోసం కదలని తల

ఏసీ యంత్రఘోష సముద్రఘోషను మరిపించుచుండగా, తాగి వదలిన టీ కప్పులు శిథిలదుర్గములవలె బారులు తీరియుండగా, భోజనానంతర నిద్రాభారనతమస్తకులైన మహావీరులు తెరలయెదుట కునుకుచుండగా, కదిలెడి తెరబొమ్మల కంపెనీలో ఘోరసంగ్రామము రగుల్కొనెను. వినుడు! ఇంతకన్న మీకు చేయదగిన ఘనకార్యమేమున్నది గనుక?

వినికిడిలేని రోగులకు ఆసుపత్రి తెరమీద చేతిసైగలతో జాగ్రత్తలు చెప్పుటకై అచ్చట ఒక కంప్యూటర్ కన్య సృష్టింపబడెను. ఆమె వేళ్లు నర్తించును. మెడ మాత్రము మేకు దిగ్గొట్టినట్లుండును. ఏలయన తల త్రిప్పినచో ఆ నీలకుంతలములు భుజములోనికి దూరిపోవుచున్నవి! ఆ కురులకే కంపెనీ అధిపతి తన సమస్త బుద్ధిని ధారవోసెను. అది ఏపాటిదో మీరే చూచెదరు.

కన్యకు సైగలు నేర్పినవాడు మౌస్‌పాణి బిరుదాంకితుడగు యానిమేటర్. పుట్టు చెవిటిదియు, నిన్ననే నొప్పిమాత్రలు తెచ్చుకొన్నదియునగు అతని అక్క తమ్ముని పనితనము చూడవచ్చి తెరకేసి చూచి చేతులతో ఇట్లనెను:

"అయితే ఈ మాత్ర పరగడుపునే వేసుకోవాలన్నమాట! రేపట్నుంచి అలాగే వేసుకుంటాలే."

"వద్దక్కా! కడుపు కాలిపోద్ది! వేసుకోకూడదనే చెప్తోంది!" అని తమ్ముడు సైగలతోనే అడలిపోయెను.

"తల అడ్డంగా ఊపందే 'కూడదు' ఎలా అవుతుందిరా? వేసుకో వేసుకో అని నవ్వుతోంది చూడు."

తాను పెట్టిన తల ఊపును ఎవరో కత్తిరించిరని గ్రహించి అతడు అధిపతికడకురికెను.

"తల ఊపితే జుట్టు పాడవుతోందయ్యా! చేతులున్నాయిగా, చాలవూ? ఆసుపత్రివాళ్లు సాయంత్రం తీసుకుపోతారు, ఇంక దాని జోలికెళ్లకు," అని అధిపతి కసరెను.

"ఓరి కేశదాసా! కుంతలమోహాంధా! రోగుల కడుపులు దగ్ధమైనను నీ బొమ్మకురులు చెదరరాదా? నీ గర్వపర్వతమును పిండిచేసెదగాక!" అని మౌస్‌పాణి మనస్సులో సింహనాదము చేసి, నోటితో "సరే సార్" అని వెనుదిరిగెను. మహావీరులకును ఉద్యోగభయముండును.

అంతట, అధిపతి కనుగప్పి, తెరయెదుట యుద్ధము! తల ఎడమకు త్రిప్పగా కురులు భుజమును చీల్చెను. కుడికి త్రిప్పగా చెవిలోనుండి మొలిచెను. సరిదిద్దబోగా కంప్యూటర్ ఒక్క మూలుగు మూలిగి మూర్ఛిల్లెను. చూచి చూచి విసిగిన అక్క తన జుట్టును గుప్పిటపట్టి, గిరగిర చుట్టి, ముడివేసి, 'ఇంతేగా!' అన్నట్లు కనుబొమలెగరవేసెను.

మౌస్‌పాణి కన్యకు కొప్పుపెట్టెను. తల ఊపెను. వెంట్రుకైనను చెదరలేదు.

"ఓహో, వేసుకోకూడదా! మరి ముందే చెప్పొచ్చుగా దీని మొహం మండ!" అని అక్క చేతులు విసరెను.

అప్పుడే వచ్చిన అధిపతి తన బట్టతల తడుముకొనుచు, "అయ్యో, నా జుట్టు! అదిగో, ఆసుపత్రివాళ్లు మెట్లెక్కి వచ్చేస్తున్నారు! ఇప్పుడు విప్పొచ్చా?" అని ఆక్రోశించెను.

తెరమీది కన్య ఆయన మొగముకేసి చూచుచు తల అడ్డముగా ఊపెను.

దిక్కులారా, దుందుభులు మ్రోగింపుడు! ఒక బొమ్మతల ఎడమకొక బెత్తెడు, కుడికొక బెత్తెడు కదిలినది!