రఘుపతి రష్యా ఎలుగుబంటి

గోదావరిఖనిలో బొగ్గుగని ఉద్యోగం చేసి రిటైరైన రఘుపతికి ఒక్కటే పిచ్చి: పాతకాలపు రష్యా కంచు జంతువులు. తోడేలు, అడవిపంది, బాతు, అన్నీ ముందుగది అల్మారాలో కొలువుండేవి. అన్నింటిలోకీ ఆయనకు ప్రాణం జానెడంత ఎలుగుబంటి. జారు చక్రవర్తి కాలం నాటిదని అమ్మినవాడు ఒట్టు పెట్టి మరీ చెప్పాడు. జ్యోతినగర్ ఇంజనీరు కిషన్‌దీ అదే పిచ్చి. ఆ ఆదివారం అతను తన రష్యా గుర్రాన్ని తెచ్చి, ఈ ఎలుగుబంటితో మార్చుకునేలా మాట అయింది.

ఆదివారం పొద్దున్నే లేచి చూస్తే అల్మారాలో ఎలుగుబంటి లేదు. భార్య జమునను పిలిస్తే పలకలేదు. రఘుపతి కంగారుగా వాకిట్లోకి వచ్చి, మొన్న దాని కాలు అతికిన మెకానిక్ అబ్దుల్ రజాక్‌కు ఫోన్ చేశాడు.

"రజాక్ భాయ్, మా ఎలుగుబంటి కనిపిస్తలేదు. రాత్రి ఇంట్లనే ఉండె."

పక్క క్వార్టరు సమ్మవ్వ ఊడుస్తున్న చీపురు అక్కడే పడేసి లోపలికి పోయి గొళ్ళెం పెట్టుకుంది. కిటికీలోంచి ఎదురింటికి చెప్పింది. ఎదురిల్లు సందుకు చెప్పింది. సందు చివరికి చేరేసరికి ఎలుగుబంటికి రెండు పిల్లలు కూడా పుట్టాయి. జనం డాబాలెక్కారు. నైట్ షిఫ్టు దిగి వస్తున్నవాళ్ళు వేపచెట్టెక్కారు. ఇదేమీ తెలియని రఘుపతి చెత్తకుప్ప కెలుకుతుంటే, వలలతో అటవీశాఖ జీపు వచ్చి ఆగింది.

ఎలుగుబంటిని పెంచుతున్నది మీరేనా అని ఆఫీసరు గద్దించాడు.

"పెంచుడేంది సారూ, జమ చేస్తున్న. తోడేలు, అడివిపంది ఇంట్లనే ఉన్నయి."

ఆఫీసరు ఒకడుగు వెనక్కి వేసి, దాని వయసెంతని అడిగాడు.

"నూరేండ్లు దాటింది. కాలు ఇరిగితే అతికిచ్చిన."

ఆఫీసరు ఇంకో జీపుకు ఫోన్ కలిపాడు.

అప్పుడు పెరటివైపు నుంచి జమున వచ్చింది. కిషన్ వస్తున్నాడు కదా అని నల్లా కింద చింతపండు పెట్టి తోమిందట. చేతిలో ఎలుగుబంటి బంగారంలా మెరిసిపోతోంది. ఆఫీసరు నాలుగు చీవాట్లు పెట్టి వలలు చుట్టుకుని పోయాడు. చెట్టెక్కినవాళ్ళు దిగారు. పాతదనానికి గుర్తైన నూరేళ్ళ నలుపంతా వదిలిపోయిందని రఘుపతికి ఏడుపొక్కటే తక్కువ.

సరిగ్గా అప్పుడే కిషన్ గుర్రాన్ని చంకన పెట్టుకుని వచ్చాడు. ఎలుగుబంటిని తిరగేసి చూశాడు. పొట్ట కింద హిందీ అక్షరాలు తళతళలాడుతున్నాయి: మొరాదాబాద్. ఉత్తరప్రదేశ్‌లో ఇత్తడి సామాన్లు చేసే ఊరది.

రఘుపతి తల దించుకున్నాడు. "మీ గుర్రాన్ని మీరు తీస్కపోండ్రి సారూ."

కిషన్ చంకలోని గుర్రాన్ని చూసుకున్నాడు. గొంతు తగ్గించి, "జమునక్కా, చింతపండు ఇంకేమన్న ఉన్నదా?" అన్నాడు.

తోమగా తోమగా గుర్రం పొట్ట కింద కూడా అవే అక్షరాలు తేలాయి.

అనుకున్న ప్రకారమే ఇద్దరూ మార్చుకున్నారు. ఎవరికీ అన్యాయం జరగలేదు.