ఆరు లైట్ల చీకటి

వీధి స్తంభానికి ఏడో లైటు బిగించడానికి నిచ్చెన వేశారు. ఎలక్ట్రీషియన్ ముక్తియార్ మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. రెండో మెట్టు మీద రత్నమ్మ కూర్చుని ఉంది. దిగదట!

సాయంత్రం ఏడు గంటలు, రామసముద్రం. స్తంభానికి ఆనుకునే రత్నమ్మ పట్టుపురుగుల షెడ్డు. పురుగులు చంద్రికలనే వెదురు తట్టల మీదికెక్కి గూళ్ళు అల్లే రెండు రోజులూ వెలుతురు మసకగా ఉండాలి. ఎక్కువైతే నీడ ఉన్న మూలకు పాకి, ఒకదాని మీద ఒకటి పడి, గూళ్ళు పాడుచేస్తాయి. ఆరు లైట్లకే సగం పురుగులు మూలకు చేరాయి. నెల రోజుల చాకిరీ ఆ మూలలో కుప్పగా పడి ఉంది.

పాఠకులారా, మీ జాలి రత్నమ్మ వైపు మళ్ళుతోందా? వెంటనే వెనక్కి పిలవండి! మనిషి కళ్ళను నమ్మే రోజులు పోయాయి. వెలుతురు ఉందో లేదో చెప్పాల్సింది మీటర్.

మన అదృష్టం కొద్దీ అలాంటి మీటర్ ఈ ప్రాంతానికి ఒకటుంది. వీధి లైట్లను తనిఖీ చేసే అధికారి గోవిందస్వామి దాన్ని చంటిబిడ్డలా తువ్వాలులో చుట్టి తిప్పుతాడు. అరచేతిలో పట్టే పెట్టె, దాని నెత్తిన వెలుతురును పట్టే తెల్లటి బుడిపె. ఆయుధ పూజ నాడు ఆఫీసులో జీపుతో, జిరాక్స్ మిషన్‌తో పాటు దానికీ బుడిపె నిండా పసుపు రాసి, కుంకుమ పెట్టారు. లైటు కింద పెడితే అది ఇరవై చూపించాలి. మూడు చూపిస్తే? ఇంకో ఎల్ఈడీ! రూలు అంతే.

పూజ అయినప్పటి నుంచీ అది మూడే చూపిస్తోంది. మనకు మహర్దశ పట్టింది!

మదనపల్లెలో మార్కెట్‌కు తెచ్చిన పచ్చి టమోటాలు వేలం మొదలయ్యేలోపే పండిపోతున్నాయి. పుంగనూరులో మూడడుగుల ఆవు ఒకటి చుట్టూ తన నీడలు తొమ్మిది కనిపించేసరికి మందలో ఉన్నాననుకుని ధైర్యంగా బస్టాండుకు నడిచిపోయింది. కుప్పంలో కోళ్ళు రోజుకు నాలుగుసార్లు కూస్తున్నాయి, జనం నాలుగుసార్లు పళ్ళు తోముకుంటున్నారు. ఇక సూర్యోదయం కోసం హార్స్లీ హిల్స్ ఎక్కినవాళ్ళు, రాత్రి ఎనిమిదింటికే కింద మదనపల్లెను చూసి, ఫొటోలు తీసుకుని, రూములు ఖాళీ చేసి దిగిపోయారు!

ఇంత వెలుగులోనూ మీటర్ ఏమంది? మూడు. వినయమంటే అదీ!

నిచ్చెన దగ్గరికొద్దాం. గోవిందస్వామి ఆరు లైట్ల కింద మీటర్ పెట్టి, కూలింగ్ గ్లాసులు సర్దుకుని, వంగి చూశాడు.

"సీకటిగా ఉండాది రత్నమ్మా. మూడే సూపిస్తాండాది. నేనేం సేసేది?"

రత్నమ్మ మెట్టు దిగింది. మీటర్ అందుకుని, పాలు తాగిన బిడ్డ మూతి తుడిచినట్టు, కొంగుతో బుడిపెను తుడిచింది.

నూట నలభై!

ముక్తియార్ నిచ్చెన మీది కాలు తీసేసి, లైట్లు ఆర్పమంటారా అని అడిగాడు. కుదరదన్నాడు గోవిందస్వామి. ఇది ప్రభుత్వ పరికరం మీద జరిగిన కుట్ర. దోషి పేరు తేలేదాకా ఒక్క లైటూ ఆరకూడదు, అవి సాక్ష్యం! పసుపు తెచ్చిన అటెండర్ మునెప్పను, కుంకుమ పెట్టిన క్లర్కు యమునను అక్కడికక్కడే అనుమానితుల జాబితాలో రాసుకున్నాడు. నన్నడిగితే విచారణ కుంకుమ అమ్మిన కొట్టు దాకా సాగాలి. పసుపు పండిన పొలాన్ని మాత్రం ఎందుకు వదలాలి?

షెడ్డులో పురుగులు ఇంకా మూలకు పాకుతూనే ఉన్నాయి.

"లైట్ల ఫీజు పీకెయ్యప్పా ముక్తియార్, పేరు నేను సెప్తాను," అంది రత్నమ్మ. "పూజ సేసినోళ్ళను యాల అనేది? మీటరు కంటికి పసుపూ కుంకుమా అడ్డమొచ్చె, దానికి తెలీలేదు. ఎలుతురు తాళలేక నల్లద్దాలు పెట్టుకోని, మళ్ళా సీకటని రాసుకునింది ఎవురు? ఈ గోవిందస్వామి సారే."