అత్తగారికి ఒక విజ్ఞప్తి

ఆ రోజు ఉదయం బస్టాండ్ అనౌన్సర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారికి మాత్ర వేయాలి. గదిలో కర్టెన్లు దించాలి. రికార్డు పెట్టి బస్టాండ్‌కు వెళ్ళాలి. సాయంత్రం మాత్ర వేళకు తిరిగి రావాలి. ఇందులో గొడవకు తావు ఎక్కడా లేదనుకున్నాడు.

ఆయనకు పెళ్ళి కాలేదు. అత్తగారు మాత్రం ఉంది. బూడిదరంగు పిల్లి. ఒక వానరోజు తడిసి ముద్దై గుమ్మం ముందు నిలబడింది. లోపలికి రానిస్తే ఇల్లంతా కలయదిరిగి, వంటగదిలో గిన్నెలు వాసన చూసి, మొహం తిప్పేసుకుంది. ఆ తరవాత దానికి ఇంకో పేరు నప్పలేదు.

కొన్నాళ్ళకు దానికి ఫిట్స్ మొదలయ్యాయి. కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయేది. నాలుగు కాళ్ళూ గాల్లో పరిగెత్తేవి. నోటివెంట నురగ. తేరుకున్నాక కాసేపు కళ్ళు కనిపించక గోడలకు గుద్దుకుంటూ తిరిగేది. మొదటిసారి చూసినప్పుడు పిల్లికంటే అనౌన్సరే ఎక్కువ వణికాడు.

పశువుల డాక్టరమ్మ నెమ్మదిగా విడమరిచి చెప్పింది. "ఫిట్ వచ్చినప్పుడు పట్టుకోకండి. లైటు తీసేయండి. చుట్టూ గట్టి వస్తువులు లేకుండా చూడండి. పెద్ద చప్పుళ్ళు అస్సలు పనికిరావు, వాటివల్లే వచ్చినా రావచ్చు. తెలిసిన గొంతు ఏదైనా మెల్లగా మాట్లాడుతూ ఉంటే తొందరగా తేరుకుంటుంది. ఇంట్లో ఎవరెవరు ఉంటారు?"

"నేనేనండి."

"మీరు కాకుండా?"

"అదే ఉంటుందండి."

డాక్టరమ్మ రెండుపూటలా వేయమని మాత్రలు రాసిచ్చింది.

పగలు తాను ఇంట్లో ఉండడు కనుక తన గొంతును ఇంట్లో ఉంచుదామనుకున్నాడు. ఒక పెన్‌డ్రైవ్‌లో నాలుగు మంచి మాటలు రికార్డు చేయడానికి కూర్చున్నాడు. "బుజ్జీ, నాన్నా" అందామని నోరు తెరిచాడు. రాలేదు. ఆయన ఉద్యోగం మొదలైనప్పటి నుంచీ మైకు ముందు ఒకటే భాష. ఎంత ప్రయత్నించినా చివరికి వచ్చింది ఇదే:

"దయచేసి వినండి. కంగారుపడి లేవవద్దు. ఉన్నచోటనే ఉండవలసిందిగా కోరుచున్నాము. ఇది మిమ్మల్ని ఏమీ చేయదు. కాసేపు కళ్ళు కనిపించకపోవచ్చును, భయపడవద్దు. గోడలకు దూరంగా ఉండగలరు. మిమ్మల్ని ఎవరూ పట్టుకోరు. కాసేపట్లో దానంతట అదే వెళ్ళిపోవును. నేను ఇక్కడే ఉన్నాను."

అత్తగారు ఆసాంతం విని, ముడుచుకుని పడుకుంది. ఆ ఇంట్లో ఆమె ఆమోదించిన మొదటి వస్తువు అదే.

ఈలోగా బస్టాండ్‌కు ఒక మిషన్ వచ్చింది. బస్సుల ప్రకటనలన్నీ ఒకసారి రికార్డు చేసి ఇస్తే చాలు, రోజంతా అదే చెబుతుందట. డిపో మేనేజర్ ఉత్సాహం పట్టలేకపోయాడు. "ఇంక నీ గొంతు చాలయ్యా, నువ్వెందుకు? మిషన్ బాగుందని పెద్దసారు ఒక్క మాటంటే, వచ్చే నెల నుంచి నిన్ను పార్సిల్ కౌంటర్లో వేస్తా. నైట్ డ్యూటీ. ఒంటరివాడివి, ఎదురుచూసేవాళ్ళు లేరు, నీకేం బాధ?"

అత్తగారికి ఫిట్స్ ఎక్కువగా వచ్చేది రాత్రిళ్ళే. ఆ మాట అనౌన్సర్ నాలుక చివరదాకా వచ్చింది. "పిల్లి కోసం డ్యూటీ మార్చమంటావా" అని నలుగురిలో నవ్వుతారని మింగేశాడు. లోకంలో ఆయన గొంతు తెలియనివాడు లేడు, ఆయనతో మాట్లాడేవాడూ లేడు.

పెద్దసారు తనిఖీకి వచ్చేది, పథకం వేసుకున్న ఆ రోజే. తప్పులేమైనా ఉన్నాయేమో చూసుకుందామని బస్సుల పెన్‌డ్రైవ్‌ను కూడా అనౌన్సర్ ముందురోజే ఇంటికి తెచ్చుకున్నాడు. రెండూ ఆఫీసు ఇచ్చినవే. రెండూ నల్లనివే. రెండూ బల్ల మీదే ఉన్నాయి.

మాత్ర చూడగానే అత్తగారు బల్ల ఎక్కింది. బల్ల మీంచి బీరువా, బీరువా మీంచి మంచం కిందికి. దారిలో బల్ల మీదివన్నీ నేల మీదికి వచ్చాయి. మాత్ర లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది, మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఆయన చేతి మీద గీతలు పడ్డాయి. ఆలస్యమైంది. నేల మీద దొరికిన పెన్‌డ్రైవ్ ప్లేయర్‌కు గుచ్చి, బటన్ నొక్కి, రెండోది జేబులో వేసుకుని తాళం పెట్టాడు. అది పాత ప్లేయర్. నొక్కాక కాసేపు ఆలోచించుకుని గానీ నోరు విప్పదు. అది నోరు విప్పేసరికి ఆయన వీధి మలుపులో ఉన్నాడు.

బస్టాండ్‌లో మేనేజర్ పెన్‌డ్రైవ్ తీసుకుని మిషన్‌కు పెట్టి, పెద్దసారు వచ్చే వేళకు మొదలయ్యేలా టైము సెట్ చేశాడు. ఎవరూ వేలు పెట్టకూడదని అనౌన్స్‌మెంట్ గదికి తాళం వేసి, తాళంచెవి కోటు జేబులో వేసుకున్నాడు. అనౌన్సర్‌ను అలవాటుకని పార్సిల్ కౌంటర్లో కూర్చోబెట్టాడు. పెద్దసారు కారు దిగాడు. మేనేజర్ చేయి ఊపాడు. స్పీకర్లన్నీ ఒక్కసారిగా గొంతు సవరించుకున్నాయి.

"దయచేసి వినండి. కంగారుపడి లేవవద్దు. ఉన్నచోటనే ఉండవలసిందిగా కోరుచున్నాము."

బస్టాండ్ మొత్తం ఆగిపోయింది. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టినాయన ఆ కాలు అక్కడే ఉంచాడు. టీ కొట్టువాడు పోస్తున్న టీ గ్లాసు నిండి పొర్లుతున్నా చెయ్యి తిప్పలేదు. డ్రైవర్లు ఇంజిన్లు ఆపేశారు.

"ఇది మిమ్మల్ని ఏమీ చేయదు."

"పాము," అన్నాడు ఒక కండక్టరు పెదవులు కదపకుండా.

"కాసేపు కళ్ళు కనిపించకపోవచ్చును."

"పాము కాదు, గ్యాసు," అంది సంచుల మధ్య కూర్చున్న ఒక ముసలామె, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటూ.

"గోడలకు దూరంగా ఉండగలరు."

గోడలకు ఆనుకున్నవాళ్ళందరూ కదలకుండానే ఎలాగో నడుమకు చేరారు. పెద్దసారు అందరికంటే నడుమన ఉన్నాడు.

"మిమ్మల్ని ఎవరూ పట్టుకోరు."

ఎవరి జేబులోనో చెయ్యి పెట్టి బిగుసుకుపోయిన జేబుదొంగ ఒకడు ఈ మాటతో కొంత స్థిమితపడ్డాడు.

పార్సిల్ కౌంటర్లో అనౌన్సర్ తన గొంతు తానే విన్నాడు. ఆయన ఆలోచన బస్టాండ్ గురించి కాదు. ఇది ఇక్కడ ఉందంటే, ఇంట్లో ఉన్నది బస్సులది. ప్రతి ప్రకటనకూ ముందు పెద్ద గంట మోగే రికార్డు. మేనేజరే పట్టుబట్టి పెట్టించాడు, చెవిటివాడికి కూడా వినపడాలని. చీకటి గదిలో, మూసిన తలుపుల వెనక, అత్తగారి నెత్తిన గంట.

ఆయన కౌంటర్ దాటి పరిగెత్తాడు. ఆ బస్టాండ్‌లో కదులుతున్న మనిషి ఆయన ఒక్కడే.

"సార్, తాళంచెవి ఇవ్వండి. అది ఆపితేగానీ బస్సులు కదలవు."

"కదలకు," అన్నాడు మేనేజర్, కళ్ళు మాత్రం తిప్పి. "చెబుతున్నారు, వినపడట్లేదా?"

"చెబుతున్నది నేనే సార్. ఆ గొంతు నాదే."

"నీదే అయితే నువ్వే కదలొద్దన్నావుగా. మరి నువ్వెందుకు కదులుతున్నావ్?"

"అది మీకు చెప్పింది కాదండి."

"ఎవరికి చెప్పావు?"

"అత్తగారికండి."

"నీకు పెళ్ళి కాలేదు కదయ్యా."

"నేను ఇక్కడే ఉన్నాను," అంది పైనుంచి స్పీకరు.

"చూశావా," అన్నాడు మేనేజర్. "మనిషన్నవాడు అలా ఉండాలి."

వాదించే సమయం లేదు. అనౌన్సర్ ఒకటో ప్లాట్‌ఫారం వైపు పరిగెత్తాడు. అది వాళ్ళ వీధికి వెళ్ళే బస్సు. డ్రైవర్ స్టీరింగ్ మీద రెండు చేతులూ ఆనించి బొమ్మలా కూర్చున్నాడు.

"అన్నా, బండి తియ్యి."

"ఎలా తీస్తానండి? అనౌన్స్‌మెంట్ రావాలిగా."

"నేను చెబుతున్నాగా."

"మీరెవరు?"

అన్నేళ్ళుగా ఆ డ్రైవర్ ఆయన మాట మీదే బండి తీస్తున్నాడు. మొహం చూడటం అదే మొదటిసారి.

అనౌన్సర్ వెనక్కి తిరిగాడు. ప్లాట్‌ఫారం మధ్యకు నడిచాడు. చొక్కా సర్దుకున్నాడు. మైకు లేకుండా, పొట్టలోంచి, పైకప్పు అదిరేలా గొంతెత్తాడు.

"ప్రయాణికులు దయచేసి వినండి. ఒకటో ప్లాట్‌ఫారంలో ఉన్న బస్సు ఇప్పుడే బయలుదేరును. మిగిలిన బస్సులన్నియూ దాని వెనుకనే బయలుదేరును."

పై గొంతు ఉండమంటోంది. కింది గొంతు పొమ్మంటోంది. రెండూ ఒకటే గొంతు. జనం ఒక్క క్షణం తటపటాయించారు. కానీ జనం ఎప్పుడైనా బస్సు వైపే మొగ్గుతారు. డ్రైవర్ చెయ్యి దానంతట అదే గేరు మీదికి వెళ్ళింది. బస్టాండ్ మొత్తం భళ్ళున కదిలింది. ఆ తోపులాటలో పెద్దసారు కూడా ఏదో ఒక బస్సులోకి ఎక్కించబడ్డాడు. అనౌన్సర్ ఫుట్‌బోర్డు మీద వేలాడాడు.

ఇంటి మెట్లు ఎక్కుతుంటేనే గంట వినిపించింది. తలుపు వెనక ఆయన గొంతు ఏ బస్సు ఎక్కడికి వెళుతుందో అత్తగారికి వివరిస్తోంది. దాన్ని మించి ఇంకో గొంతు. ఆడగొంతు. వణుకుతున్నా, ఆగడం లేదు. ఆయన మెట్ల మలుపులో నిలబడిపోయాడు.

ఎదురింటి పెద్దావిడ ఆయన గుమ్మం ముందు చిన్న పీట వేసుకుని కూర్చుంది. తలుపు కింది సందు దగ్గరికి వంగి మాట్లాడుతోంది.

"దయచేసి వినండి. కంగారుపడి లేవవద్దు. ఉన్నచోటనే ఉండవలసిందిగా కోరుచున్నాము. ఇది మిమ్మల్ని ఏమీ చేయదు..."

ఒక్క మాట పొల్లుపోలేదు. ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతోంది. ఇన్నాళ్ళుగా ఆవిడతో ఆయన మాట్లాడింది నీళ్ళ మోటారు గురించి మాత్రమే.

"...కాసేపట్లో దానంతట అదే వెళ్ళిపోవును. నేను ఇక్కడే ఉన్నాను."

ఆ మాటలు రాసింది ఆయనే. చదివింది ఆయనే. ఇంకొకరు చెబుతుండగా వినడం మాత్రం ఎన్నడూ జరగలేదు. ఇంకో మెట్టు ఎక్కాడు.

అలికిడికి ఆవిడ తల తిప్పింది. "వచ్చారా బాబూ. పొద్దున్నే గంటలు మోగుతుంటే ఏదో తేడా అనుకున్నా. ఆనక దబ్బున ఏదో పడింది. లోపల కాళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు. తాళం నా దగ్గర లేదు. మీ మాటలే నోటికి వచ్చు కదాని అవే చెబుతున్నా."

"మీకు ఎలా వచ్చు పిన్నిగారూ?"

"మీ తలుపూ మా తలుపూ పల్చన బాబూ. మొదట్లో ఎవరికో జబ్బనుకున్నా. తరవాత పిల్లి అని తెలిసింది. అయినా మధ్యాహ్నం అది వింటూనే నడుం వాలుస్తా. నాతో మాత్రం అలా చెప్పేవాళ్ళెవరున్నారు?"

ఆయన తాళం తీశాడు. ప్లేయర్ ఆపాడు. మంచం కింద అత్తగారు తడిసిన ఒంటితో కూర్చుని ఉంది. ఫిట్ వచ్చి పోయింది. కళ్ళు ఇంకా మసకగానే ఉన్నాయి, కానీ గోడలకు గుద్దుకోవడం లేదు. ఆయన నేల మీద కూర్చుని చేయి చాచాడు. అత్తగారు తడబడే అడుగులతో వచ్చింది, చేతిని వాసన చూసింది, దాటుకుని పోయింది. గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడ పాదాల మీద బరువుగా కూలబడింది.

"సాయంత్రం మాత్ర ఎప్పుడు వేయాలో చెప్పండి," అంది ఆవిడ, కిందికి చూస్తూ. "మీరు లేనప్పుడు నేను చూసుకుంటా."

"కరుస్తుందండి."

"కరవనీండి. కరవడానికైనా ఎవరో ఒకరు ఉండాలిగా."

మర్నాడు మేనేజర్ గదిలోకి పిలిచాడు. అనౌన్సర్ నిలబడే నిజమంతా చెప్పేశాడు. మేనేజర్ రాస్తున్న పెన్ను పక్కన పెట్టాడు.

"పిల్లికా?"

"ఫిట్స్ వస్తాయండి. రాత్రిళ్ళు ఎక్కువ."

"సరే. పిల్లికి 'కోరుచున్నాము' ఏమిటయ్యా?"

"అలవాటండి."

మేనేజర్ సొరుగులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "పెద్దసారు నిన్న ఎక్కడో ఊరవతల దిగారట. అక్కడి నుంచే ఫోన్ చేశారు. మిషన్ వెనక్కి పంపించెయ్యమన్నారు. గొంతు ఒకచోట, మనిషి ఒకచోట ఉంటే ప్రమాదమట. పగలు డ్యూటీయే, నువ్వే చెప్పు." అనౌన్సర్ గుమ్మం దాటబోతుంటే మళ్ళీ పిలిచాడు. గొంతు తగ్గించాడు. "ఆ పెన్‌డ్రైవ్... నీకు అక్కర్లేకపోతే ఒకసారి ఇలా ఇచ్చి వెళ్ళు. రాత్రిళ్ళు నాకు నిద్ర పట్టదు."

ఇచ్చేశాడు. ఇంట్లో దాని అవసరం తీరిపోయింది. పగలు అత్తగారి మకాం ఎదురింట్లోనే. ఫిట్స్ పూర్తిగా పోలేదు. వస్తే మాత్రం ఒకరు లైటు తీస్తారు, ఒకరు మాట్లాడతారు. చిక్కల్లా ఒక్కటే. మామూలు తెలుగులో పిలిస్తే అత్తగారు చెవి కూడా కదపదు కనుక పెద్దావిడకు ఆ బాణీ నోట్లో నిలిచిపోయింది. సాయంత్రం ఆయన మెట్లెక్కే చప్పుడు వినగానే ఎదురింటి తలుపు తెరుచుకుంటుంది. "దయచేసి వినండి. కాఫీ చల్లారిపోవుచున్నది."

ఆయన వింటాడు.