ఇంట్లో సహాయం లేదని ధ్రువపత్రం

పరిశోధక విద్యార్థులకు సహాయం అవసరమని విశ్వవిద్యాలయం ఎట్టకేలకు గుర్తించింది. అందువల్లే కట్టంగూర్‌లోని ఒక ఇంట్లో మూడు రోజులుగా గొడవ నడుస్తోంది.

“నేను సంతకం పెట్ట అంటె పెట్ట. ఏంది, నేను నీకు సాయం చేస్తలేనా?” అంది నర్సింగమ్మ, మనవరాలికి జడ వేస్తూ.

“చేస్తున్నవ్ అత్తమ్మా. చేస్తలేవని రాసియ్యాలె, గంతే,” అంది కోడలు సుహాసిని.

సుహాసిని ఎండిన బోరుబావుల మీద ఏడేళ్లుగా పీహెచ్‌డీ చేస్తోంది. (ఈలోగా కొన్ని బోర్లలో నీళ్లు పడటంతో రెండు అధ్యాయాలు మళ్లీ రాయాల్సి వచ్చింది.) నెలాఖరుకు గడువు ముగుస్తుంది. ఇంకో ఆరు నెలలు దొరికితే థీసిస్ పూర్తవుతుంది; లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు.

గడువు పెంచే అధికారం కొత్తగా పెట్టిన పరిశోధక సహాయ విభాగానిది. ఆ విభాగం సహాయం లేనివారికే సహాయం చేస్తుంది. (ఉన్నవారికి చేస్తే అది దుర్వినియోగం.) వంట, పిల్లలు, నిశ్శబ్దం అనే మూడు అంశాల్లోనూ ఇంటివారు సహకరించడం లేదని, ఆ సహకరించనివారే సంతకం చేసి ఇవ్వాలి. గైడు సహకరించడం లేదనీ రాయవచ్చు గానీ, దానికి గైడు సంతకం కావాలి. ఆయన రెండు నెలలుగా ఫోను ఎత్తడం లేదు. అది సాక్ష్యం కిందికి రాదని విభాగం సూపరింటెండెంట్ ఐలేశం స్పష్టం చేశారు.

“నేను పెడ్త తియ్యి,” అన్నాడు సుహాసిని భర్త లింగస్వామి. కుదరలేదు. భర్తల గడిలో ‘సహకరించరు’ అని ముందే అచ్చువేసి ఉంది.

“కాయితమే గదనే అమ్మా. ఎవ్వలు సూస్తరు?”

“నేను సూస్త గదరా! పొద్దుగాల ఐదింటికి లేసి డబ్బాలు కడ్త. పిల్లను బడికి తోల్కపోత. టీవీ బంద్ జేసి రెండేండ్లాయె, సీరియల్ల ఎవ్వలు సచ్చిన్రో ఎవ్వలు బతికిన్రో తెల్వది. గిదంత అబద్దమని నా చేతులతోని రాసియ్యాల్నా?”

సుహాసిని ఆ విభాగం హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, ఇంట్లో సహకారం ఉన్నవాళ్లు ఏం చేయాలని అడిగింది.

“సహకారం ఉంటే ఏడేళ్లెందుకు పట్టిందమ్మా?” అన్నాడు అవతలి వ్యక్తి, ఎంతో మర్యాదగా. ఫోన్ పెట్టేయగానే ‘మీకు సహాయం అందింది’ అని మెసేజ్ వచ్చింది.

ఆమె ఆ మెసేజ్‌ను రెండుసార్లు చదివింది. తర్వాత పుస్తకాలన్నీ తీసి అటక మీద పెట్టడం మొదలుపెట్టింది. నర్సింగమ్మ అది చూసింది.

ఆ పూట అందరికీ అన్నం వడ్డించాక, ఫారం తెమ్మని అడిగి సంతకం పెట్టింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా నెమ్మదిగా చెప్పింది.

“పెట్టిన. ఇగ నా సంతకం అబద్దం గావొద్దు. రేపటి సంది పొయ్యి ముట్ట, పిల్లను తోల్కపోను, టీవీ బంద్ చెయ్య. ఆర్నెల్లు.”

పొడిగింపు వారంలోనే మంజూరైంది. అదీ ఆరు నెలలే.